వెంకవ్వ తడిపిన మట్టి

మరాఠీ నేల మీది నార్పోలిలో, రాజమౌళి సేటు మరమగ్గాల కారఖానాలో వెంకవ్వకు రెండు పనులు. రోజూ చేసేది నూలు కండెలు చుట్టడం. ఏడాదికోసారి చేసేది మట్టిని తడపడం. మొదటిదానికి కూలి ఉంది, రెండోదానికి పొగడ్త ఉంది.

సంగతి ఇదీ. సాంచ అంటే మరమగ్గం, ఇనుముది. ఎక్కడో వైరు మీది రబ్బరు ఊడి కరెంటు ఇనుములోకి దిగితే, అది ఎర్తింగ్ తీగ పట్టుకుని వెనకాల గుంతలోకి, అక్కణ్ణించి మట్టిలోకి పోవాలి. మట్టి దారి ఇవ్వకపోతే సాంచ పట్టుకున్న మనిషిలోంచి పోతుంది. తడిసిన నల్లమట్టి దారి ఇస్తుంది, ఎండిన మొరం ఇవ్వదు. అందుకే ఏటా మట్టిని కొలుస్తారు. భూమి తల్లి అని దండం పెట్టినంత మాత్రాన అది ఎవణ్ణీ కాపాడదు. తడి ఉంటే కాపాడుతుంది, అంతే.

కొలిచే ముందురోజు గుంతలో, దాని చుట్టూ ఉప్పునీళ్లు పోయించడం సేటు ఏర్పాటు. ఒక ఏడు ఎవరో పోస్తే కొలతల్లో పాస్ కాలేదు, మరుసటేడు వెంకవ్వ పోస్తే అయింది. ఇంకేం, వెంకవ్వ చెయ్యి మంచిదన్నారు. పక్క కారఖానాల వాళ్లు కూడా పేరంటానికి పిలిచినట్టు బొట్టు పెట్టి పిలిచారు. చీర పెట్టినవాళ్లూ ఉన్నారు. సర్టిఫికెట్లు వినాయకుడి పటం పక్కన వేలాడాయి.

పోయిన ఎండాకాలం ఆమె మొగుడు అంకుశం సాంచ మీద చెయ్యి వేశాడు, తియ్యలేదు. పోసిన నీళ్లు ఎప్పుడో ఇంకిపోయాయి. దినాలకు వచ్చిన సేటు, "రాసిపెట్టి ఉన్నది చెల్లె" అన్నాడు. సేటుదీ వెంకవ్వదీ ఒకే ఊరు. ఆ సంగతి సేటుకు చావులప్పుడే గుర్తొస్తుంది.

ఈసారి కొలతల ముందురోజు సేటు కుంకుమ భరిణె పట్టుకుని వెంకవ్వ కోడలు పూనం దగ్గరికి వచ్చాడు. బొట్టు లేని చెయ్యి ఇక మంచిది కాదు కదా. అంకుశం సాంచ మీద ఇప్పుడు పూనం మొగుడు, వెంకవ్వ కొడుకు భీమ్‌రావు పనిచేస్తున్నాడు.

వెంకవ్వ బకెట్ తన్నేసి గుంత మూత మీద కూచుంది.

"అన్నా, ఎండినట్టే కొలువనియ్యి. ఉన్నదేందో తెలుస్తది."

"పాగల్ అయినవా చెల్లె?"

తెల్లారి ప్రాజక్త అనే మరాఠీ ఇంజనీరు వచ్చింది. నాలుగు ఇనుప కడ్డీలు వరసగా దిగ్గొట్టించింది. చివరి రెంటి గుండా కరెంటు పంపి, నడిమి రెంటి దగ్గర కొలిచింది. బాగాలేదు. కడ్డీల మధ్య ఎడం పెంచింది. ఎడం పెరిగితే ఇంకా లోతు మట్టి సంగతి తెలుస్తుంది. అక్కడా ఎండిన మొరమే.

"కొత్తగా లోతు గుంత తవ్వాలి. అప్పటిదాకా నడపొద్దు" అంది హిందీలో.

వెంకవ్వ కడుపు చల్లబడింది. సేటు మెయిన్ స్విచ్ దించాడు. గుంత మాత్రం తవ్వించలేదు. "వెంకవ్వ చెప్పినంక నడుపుదాం" అని సాంచల వాళ్లందరికీ వినబడేలా చెప్పి ఇంటికి పోయాడు.

వెంకవ్వ రోజూ గుంత మూత మీదే కూచుంది. వారం తిరక్కుండానే, కూలి ఆగిపోయిన సాంచల మీది భూమయ్య అక్కడికే వచ్చాడు. "నీ మొగుడు పోయిండని మా పొట్టలు గూడ ఎండవెడ్తవా వదినె?"

ఆమె కొడుకు వైపు చూసింది. వాడి చేతిలో బకెట్ ఉంది.

"నీ కోసమేరా" అంది.

"మాలూమ్ హై అవ్వా. ఖోలీ కిరాయి ఎవ్వడు కడ్తడు? లేవ్."

లేచింది. పూనం నుదుట బొట్టు పెట్టించుకుని, అత్త మొహం చూడకుండా ఉప్పునీళ్లు పోసింది. ప్రాజక్త మళ్లీ వచ్చింది. తడిసి నల్లబడ్డ నేలను చూసింది, సేటును చూసింది. ఈసారి కడ్డీలు దగ్గర దగ్గరగా దిగ్గొట్టించింది. పైపొర మట్టి ఏం చెప్పాలో అదే చెప్పింది. పాస్. పూనం చెయ్యి కూడా మంచిదేనని తేలింది.

ఇప్పుడు వెంకవ్వ పొద్దున్నే, భీమ్‌రావు సాంచ ఎక్కకముందే, గుంతలో నీళ్లు పోస్తుంది. రోజూ. ఎవరూ బొట్టు పెట్టరు, ఎవరూ పిలవరు. తాగే నీళ్లలోంచి మిగిలించి మోసుకొస్తుంది. మొన్న సేటు చూశాడు.

"సర్టిఫికెట్ వచ్చింది గద వెంకవ్వా, ఇంకెందుకీ నీళ్ల దండుగ?"

ఆమె బకెట్ గుంతలోకి బోర్లించి, అడుగున మిగిలిన చుక్కలు కూడా దులిపింది.