అచ్యుతరామయ్యగారి ట్రయల్ నీళ్లు

అచ్యుతరామయ్యగారు ట్రయల్ వెయ్యనిదే దేన్నీ నమ్మరు. స్టీలు ప్లాంటులో పంపుల దగ్గర పనిచేసి ఆయనైతే రిటైరయ్యారు గాని, ఆ అలవాటు రిటైరవలేదు. కొత్త చెప్పులు ముందు హాల్లో తిరిగి పాసవ్వాలి. కూతురి పెళ్లికి ముందురోజు చుట్టాలందర్నీ ఖాళీ విస్తళ్ల ముందు కూర్చోబెట్టి, ఉత్త గరిటెలతో వడ్డన ట్రయల్ వేయించారు. ఆకలి మీదున్న వియ్యంకుడుగారు ఆ బంతి గురించి ఇప్పటికీ చెబుతూనే ఉంటారు.

అలాంటి మనిషి పద్మనాభం ఊరి దగ్గర కొండవార జాగా కొని రెండు గదులు వేశారు. జాగాలో ఊట ఉంది. డబ్బా నీళ్ల బాధ వదిలి, తన వంటింట్లో కుళాయి తిప్పుకుని ఊట నీళ్లు తాగాలని భార్య కాంతంగారి ఆశ.

ఆయన ఊట కన్నుదాకా తవ్వించి, చుట్టూ రాళ్లు పేర్చి, సిమెంటు తొట్టి కట్టి, మూత వేసి, ఇంటి మీది ట్యాంకుదాకా పైపు దించారు. మోటారక్కర్లేదు, నీరు పల్లమెరుగు. కాంతంగారు కుళాయికి పసుపు రాసి కొబ్బరికాయ పట్టుకున్నారు.

"ఆగు కాంతం. ట్రయల్ అవ్వాలి."

"అంత ట్రయల్ వేసినా పెళ్లిలో సాంబారు చాల్లేదుగా!"

"రెండో ట్రయల్ వెయ్యనిచ్చావా?"

కొబ్బరికాయ పచ్చడైంది. మళ్లీ మంచిరోజు చూశారు. మళ్లీ ట్రయల్, మళ్లీ పచ్చడి. ఎండలు ముదిరాయి. కుళాయిలో చుక్క లేదు గాని, ట్రయల్ నీళ్లు మాత్రం వేరే గొట్టంలోంచి కంచె అవతలికి పోతూనే ఉన్నాయి.

ఒళ్లు మండి ఓ పొద్దున్న కాంతంగారు ఆ గొట్టం వెంబడే కంచె దాటారు. అవతల పొరుగు రైతు దేముడమ్మ వంగమడి చక్కగా తడుస్తోంది. పక్కనే ఆవిడ గేదె కుడితితొట్టిలో మూతి పెట్టి ఉంది.

"నీళ్లు బాగా వస్తున్నాయా?" అన్నారు కాంతంగారు మడిలో ఉన్న దేముడమ్మతో, వెటకారంగా.

"వత్తన్నాయమ్మా. మీరు ఊటకి మూతేసినాక మా కాలవ ఎండిపోనాది. మీ జాగా, మీ నీళ్లు, నానేటీ అన్లేదు. బాబే వచ్చి, 'ట్రయల్ నీళ్లు పారబొయ్యాల, సోటు లేదు, నీ మడిలోకి ఒగ్గుతాను' అన్నారు. ఊరికే ఇత్తే నాను పట్టనమ్మా. సాయం అడిగినారు గదాని సేత్తన్నాను. పాపం, ఆ ట్రయల్ ఎప్పటికవుద్దో ఏటో!"

కాంతంగారి కోపం ఎటు పోయిందో ఆవిడకే తెలీదు. మొగుడి మీద చచ్చేంత ప్రేమ పుట్టుకొచ్చింది. తనకి ముందే చెప్పనందుకు కాస్త చిరాకూ వేసింది.

ఇంటికొచ్చి, "పగలంతా మీ ట్రయల్ వేసుకోండి. దేముడమ్మా ఆవిడ గేదే నిద్రపోయాక మన ట్యాంకులోకి తిప్పండి" అన్నారు.

దొరికిపోయిన ఆయన తలగోక్కున్నారు. "ఐడియా బాగానే ఉంది. ఓ ట్రయల్ చూద్దాం."

మర్నాడు పొద్దున్న కుళాయి తిప్పితే నీళ్లు దూకాయి. కాంతంగారు దోసిలి పట్టి కడుపునిండా తాగారు. సంబరంగా కొబ్బరికాయ పుచ్చుకుని వాకిట్లోకి వచ్చేసరికి కంచె మీంచి దేముడమ్మ తొంగిచూసింది.

"ఏటమ్మా, కొబ్బరికాయ? ట్రయల్ అయిపోనాదేటి?" గొంతులో బెంగ దాగలేదు.

కాంతంగారు కాయని చప్పున కొంగుచాటుకి లాక్కున్నారు.

"అప్పుడేనా! ఇది పచ్చడికి."