విప్పకూడని పట్టీ

కొమురమ్మకు రోత ఎక్కువ. బుగ్గారంలో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. పక్కింట్లో నీళ్లడిగితే గ్లాసు తానే తోముకుని తాగేది. పెళ్లి విందులో విస్తరి ముందు కూర్చుని, వడ్డించేవాడి గోళ్లు చూసి లేచి వచ్చిన మనిషి. పొద్దంతా బీడీలు చుట్టేదే, అయినా అన్నం ముట్టే ముందు అరచేతులు ఎర్రబడేదాకా బూడిదతో రుద్దుకునేది.

అలాంటి మనిషికి మొగుడి కాలు కుళ్లింది. ఆ పైవాడి పనులే అంత.

రాజనర్సు తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. ఒంట్లో షుగరుంది, పాదాలకు స్పర్శ పోయింది. చెట్టెక్కేటప్పుడు కాళ్లకు వేసుకునే తాడు ఒరుసుకుని పాదం మీద పుండైతే చాన్నాళ్లు అతనికి తెలియనేలేదు. తెలిసేసరికి చీము, ఈగలు, ఇల్లంతా చచ్చిన ఎలుక కంపు. కొమురమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పళ్లెం అతని ముందుకు తోసేది.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న కాలం. బస్సులు లేవు. ఎలాగో ఆటో దొరికించుకుని కోరుట్లలో ఓ ప్రైవేటు దవాఖానకు పోయారు. కుర్ర డాక్టరు పుండు కడిగి, దాని మీద చల్లటి, జారుడు పట్టీ ఒకటి పరిచాడు. పేరుకున్న గంజిలా ఉంది. చూడగానే కొమురమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. డాక్టరు దాని మీద గుడ్డ కట్టు కట్టాడు.

"దీన్ని హైడ్రోజెల్ అంటరమ్మా. దీంట్ల కంటికి కనబడనంత సన్నటి వెండి రేణువులున్నయి, మందు సుత ఉంది. ఒక్కసారే కరిగిపోకుండ రోజూ ఇంతింత పుండులకు దిగుతది. చీము నీళ్లు గుంజుకొని ఉబ్బుతది, భయపడకుండ్రి. బస్సులు బంద్ గదా, రోజూ వచ్చే పని లేదు. వచ్చే వారం నేను విప్పేదాక ఎవ్వరు ముట్టొద్దు. కట్టు కదలకుండ ఉందా లేదా, రోజూ నువ్వు చూడు. ఇది పనిచేస్తే కాలు ఉంటది."

"లేకుంటే?"

"తీసేయాలె."

ఇంటికి వచ్చాక కొమురమ్మ కట్టు చూసిందా అంటే, చూడలేదు. పొద్దున్నే అతని ముందు ఇంత అన్నం పెట్టి, బీడీల చాట ఎత్తుకుని పక్కింటికి పోయేది. మధ్యాహ్నం రోడ్డు మీద వంటావార్పు దగ్గరికి. అక్కడా రోతే. పప్పు కలిపే గరిటె దుమ్ములో పడితే, లుంగీకి తుడిచి మళ్లీ కాగులోనే పెట్టారు. ఉద్యమం గొప్పదే కానీ ఆ పప్పు ఆమె నోట పెట్టలేదు. నినాదాలు మాత్రం అందరికంటే గట్టిగా ఇచ్చింది. ఇంటికి పోవడం కంటే అదే నయం.

"వదినె, అన్న కాలు ఎట్లుంది?" అని పక్కింటి సత్యవ్వ అడిగింది.

"మంచిగనే ఉంది. పట్టి ఏసిండ్రు గదా."

"వాసన తగ్గిందా?"

"ఏడ తగ్గింది? గా ఇంట్ల కూసుంటే పేగులు నోట్లెకస్తున్నయి."

తగ్గని ఆ వాసన ఏం చెబుతున్నదో ఆమె ఆలోచించలేదు. ముక్కు మూసుకుంది, అంతే.

వారం తర్వాత కోరుట్లలో డాక్టరు కట్టు విప్పి ఆగిపోయాడు. లోపల పట్టీ లేదు. పుండు అంచులు నున్నగా, కొత్తగా గీకి ఉన్నాయి. మధ్యలో ఎముక తెల్లగా కనిపిస్తోంది.

"పట్టీ ఏది?"

రాజనర్సు తొణకలేదు. "తీసి పారేసిన సారూ. గా బంక కింద కుళ్లు నీళ్లు ఆగిపాయె. తాటిగెల సుత పూటపూటకు కొస గీయకుంటే మూసుకపోతది, కల్లు కారదు. అందుకే పొద్దుమాపు కట్టు ఇప్పి నేనే గీత పెట్టిన, మళ్ల కట్టిన. కత్తి మంచిగ నూరే పెట్టిన."

ఏళ్ల తరబడి చెట్టుకు చేసిన పనిని తన కాలికి చేసుకున్నాడు. గాటన్నాక కారాలి, కారితేనే అది బతికున్నట్టు. పారేసిన పట్టీని పెరట్లో కోళ్లు పొడుచుకు తిన్నాయని కూడా చెప్పాడు, అదేదో సరదా ముచ్చటైనట్టు.

డాక్టరు కొమురమ్మ వైపు తిరిగాడు. "రోజూ చూడుమన్న గదమ్మా."

"నాకు రోతయితది సారూ," అంది. ఆ మాట నోరు దాటాక, ఆ గదిలో అంతకంటే రోత పుట్టించేది ఇంకేదీ లేదనిపించింది ఆమెకు.

కాలు కరీంనగర్‌లో తీసేశారు, మోకాలి కింద. కుట్లు ఓ మూల విచ్చుకుంటే అక్కడా అలాంటి బంక పట్టీయే వేసి పంపారు. ఈసారి గీత కత్తిని కొమురమ్మ పాడుబావిలో పడేసింది. బీడీల చాట తెచ్చి అతని మంచం పక్కనే పెట్టుకుంది. రోజూ వంగి, కట్టుకు ముక్కు ఆనించి వాసన చూసేది. పెరట్లోకి పోయి కక్కేది. నోరు పుక్కిలించుకుని వచ్చి మళ్లీ చూసేది.

విప్పే రోజున పట్టీ ఉబ్బి, మెత్తగా ఊడివచ్చింది. కింద చీము లేదు, కంపు లేదు. లేత చర్మం పుండును మూసేసింది. కొమురమ్మ దాన్ని వేలితో నిమిరి చూసింది.

"గా కాలు సుత గిట్లనే మానుతుండె," అంది.

రాజనర్సు గోడ వైపు తిరిగాడు.