గంగవ్వ చెప్పిన ‘మ’

సూరత్‌లోని లింబాయత్‌లో మన తెలుగువాళ్ళ బాల్‌వాడి ఒకటుంది. అక్షరాలు చెప్పడానికి నన్నూ, పిల్లలకు అన్నం పెట్టి ముక్కులు తుడవడానికి గంగవ్వనూ పెట్టుకున్నారు. ఏడాది తిరక్కుండానే అక్షరాలు ఆమె చెబుతోంది, ముక్కులు నేను తుడుస్తున్నాను.

నేను రైల్వేలో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు అక్షరాల పేర్లు బెత్తంతో వల్లె వేయించారు. నేను బెత్తం మానేసి కథలు పెట్టాను. అక్షరాలన్నీ కాజీపేటలో గూడ్సుబండి ఎక్కి సూరత్ వచ్చాయనీ, ‘ఱ’ భుసావల్‌లో చాయ్ తాగడానికి దిగి బండి తప్పిపోయిందనీ, అందుకే ఇప్పుడెక్కడా కనబడదనీ చెప్పేవాణ్ణి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవారు. అక్షరం మాత్రం ఒక్కటీ వచ్చేది కాదు.

“పేరు చెప్తే ఏమొస్తది సారూ? సప్పుడు చెప్పాలె,” అంది గంగవ్వ ఒకరోజు. పొంగిన చాయ్ పొయ్యి మీద పడితే ‘స్స్’. కిక్కు కొట్టినా కదలని ఆటో ‘ర్ర్’. ఆమె చదివింది ఐదో తరగతి. పెళ్ళయిన కొత్తలో జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఇరవై ఆరేళ్ళు సాంచాల కార్ఖానాలో, అంటే మరమగ్గాల దగ్గర, దారం కండెలు చుట్టింది. తెగిన దారం కంటికి ఆనడం మానేశాక ఆ పని వదిలి ఇక్కడికి వచ్చింది.

ఆ పన్నెండు మంది పిల్లల్లో ప్రవల్లిక ఒకతె. నాలుగున్నరేళ్ళది. తండ్రి ఓంప్రకాష్ సాంచాలు నడుపుతాడు. వాళ్ళ ఇల్లు కార్ఖానా పైన ఉన్న గది. గంగవ్వ అడిగితే అక్షరాలు రాసిన అట్టముక్కలు ఏరి చూపించేది. కానీ ‘బ’ అంటే ‘ప’ చూపేది, ‘ప’ అంటే ‘మ’ చూపేది. నేనడిగితే అసలు పలికేదే కాదు. మొండిదనుకున్నాను. ఓంప్రకాష్ ఇంకో మాట అనుకున్నాడు.

“దిమ్మ పిల్ల సారూ. జూన్‌ల ఊరికి వోతున్నం గద, మా అవ్వ దగ్గర వదిలేసి వస్త. దీనికి చదువెందుకు,” అన్నాడు. పక్కనున్న పిల్ల తల్లి జమున తల ఎత్తలేదు.

జనవరిలో గంగవ్వకు జలుబు చేసింది. పిల్లలకు అంటుతుందని కొంగు నోటికి అడ్డం కట్టుకుని పాఠం చెబుతోంది. ప్రవల్లిక లేచి వెళ్ళి ఆ కొంగు కిందికి లాగింది. ఆటనుకుని నవ్వాం. మళ్ళీ కట్టుకుంటే మళ్ళీ లాగింది. మూడోసారి గంగవ్వ నవ్వలేదు.

“సారూ, జర దాని ఎనక నిలవడి పిలువుండ్రి.”

పిలిచాను. గట్టిగా పిలిచాను. మిగతా పదకొండు మంది తిరిగారు.

“చూసిన్రా? ఇన్ని రోజులు నా పెదాలు చూసి చెప్పింది. మీ పెదాల మీదనేమో మీసాలు పందిరేసినట్టుండె. ఏం చెప్తది పాపం?”

ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి మీసం చేత్తో పైకి పట్టుకుని ప, బ, మ అని చూసుకున్నాను. మూడింటికీ పెదాలు ఒక్కలాగే మూసుకుంటున్నాయి. ఆ పిల్ల తప్పు చెప్పలేదు. తనకు కనబడింది చెప్పింది. ఆ సాయంత్రమే మీసం తీసేశాను. మా ఆవిడ నన్ను గుర్తుపట్టి అన్నం పెట్టడానికి మూడు రోజులు పట్టింది.

సాంచాలకు సెలవు రోజు చూసుకుని ఓంప్రకాష్ ఇంటికి వెళ్ళాం. అతను పెదాలు కదిపాడు. నాకేమీ వినబడలేదు. గంగవ్వ మాత్రం వెళ్ళి చాప మీద కూర్చుంది. సాంచాల హోరులో ఏళ్ళు గడిపినవాళ్ళు గొంతు వాడరు, పెదాలతోనే మాట్లాడుకుంటారు. సెలవు రోజున కూడా ఆ అలవాటు పోదు. ఆ ఇంట్లో పిల్లకు వినబడదని ఎవరికి తెలుస్తుంది? గంగవ్వ ఆ సంగతే చెప్పింది.

“ఇంట్ల అన్నీ సమజైతయ్ అవ్వా. నీళ్ళు తెమ్మంటే తెస్తది. చెవిటిదెట్లయితది?” అన్నాడు ఓంప్రకాష్.

“నువ్వు నీళ్ళడిగింది గొంతుతోనా బిడ్డా, పెదాలతోనా?”

అతను పిల్ల వైపు చూశాడు.

“అటు తిరిగి పిలువు.”

గోడవైపు తిరిగి “పవ్వీ” అన్నాడు. పిల్ల ఖాళీ కండెలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టుకుంటోంది. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలుపు సగంలో ఆగిపోయింది.

సర్కారు దవాఖానాలో పరీక్ష చేసి, రెండు చెవుల్లోనూ వినికిడి బాగా తక్కువన్నారు. చెవి మిషన్లకు పేరు రాసుకున్నారు, రావడానికి నెలలు పడుతుందట. అందాకా ఊరుకోవద్దు, మాట ఈ వయసులోనే పట్టుకోవాలి అంది డాక్టరమ్మ.

గంగవ్వ ఊరుకోలేదు. కార్ఖానాలో ఆ హోరులో ఏ సాంచా చెడిందో చెవికి తెలియదు. చట్రం మీద అరచెయ్యి పెడితే తెలుస్తుంది. ఆమె పిల్ల చెయ్యి తీసి తన ముక్కు మీద పెట్టుకుని ‘మ్మ్’ అంది. ముక్కు అదిరింది. గొంతు మీద పెట్టుకుని ‘బ’ అంది. పెదాలు విడక ముందే గొంతు అదిరింది. ‘ప’కు ముందు ఏ అదురూ లేదు, అరచేతికి చిన్న గాలి తగిలింది. ఒక్కో అక్షరానికి వారాలు పట్టాయి. నాకు చేతనైన ఏ కథా అక్కడ పనికిరాలేదు.

జూన్ మొదటి వారంలో ఓంప్రకాష్ షిఫ్టు దిగి, జుట్టు నిండా దూదిపోగులతో బాల్‌వాడికి వచ్చాడు.

“ఊరికి తీసిన పవ్వి టికెట్ వాపస్ చేసిన సారూ,” అని నాతో చెప్పి, పిల్లల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. “అవ్వా, నాక్కూడ జర నేర్పు. ఇంట్ల నేనే చెప్పాలె గద.”

గంగవ్వ పిల్ల చెయ్యి తీసి అతని ముక్కు మీద పెట్టింది. అతను ‘మ్మ్’ అన్నాడు. పిల్ల మూడు అట్టముక్కలూ చూసి ‘మ’ తీసింది. చెయ్యి గొంతు మీదికి మారింది. అతను ‘బ’ అన్నాడు. పిల్ల ‘ప’ తీసింది. అతని ముఖం వాడిపోయింది.

“తప్పు దానిది కాదు,” అంది గంగవ్వ. “నీ గొంతే లేవలే. మాటలు మింగుడు అలవాటైంది నీకు. మల్ల అను.”

అతను గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు.