కెమెరాను గోడకు తిప్పిన డాక్టరమ్మ

ఆలూరు అవతలి ఆ చిన్న ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ మహేశ్వరికి కోపిష్టి అని పేరు. పుండు మీద ఆకుపసరు పోసుకొచ్చేవాళ్లను తిడుతుంది. జలుబుకు కూడా సూది వెయ్యమని మారాం చేసేవాళ్లను తిడుతుంది. డోన్ స్టేషన్లో మూటలు దించే ఓబన్న కూతురు కదా, ఆ గొంతు అక్కడిదేనని నర్సు జ్ఞానమణి నవ్వుతుంది.

ఆ కోపం వెనక ఉన్నది భయం. కొత్తగా చేరినప్పుడు ఫిట్స్ వచ్చిన పిల్లాణ్ణి చూసి, ముందు ఏ మందు ఎక్కించాలో జ్ఞానమణిని అడిగిన మనిషి ఆమె. ఆ భయం తగ్గించింది బుధవారం వీడియో క్లాసే. పట్నంలోని పెద్ద డాక్టర్లు తెర మీద పాఠం చెబుతారు. పల్లె ఆసుపత్రుల డాక్టర్లు వంతులవారీగా తమ రోగిని కెమెరా ముందు కూర్చోబెట్టి చూపిస్తారు. పిల్లల వైద్యుడు డాక్టర్ వీరభద్ర చెప్పిందేదీ ఆమె మర్చిపోలేదు. డోన్‌లో అమ్మ దగ్గర వదిలిన తన కూతురు ఒక్కసారి దగ్గితే చాలు, వీడియో కాల్ చేసి, "గౌను ఎత్తుమా, దాని డొక్కలు చూడాల" అని తల్లి ప్రాణం తీస్తుంది.

ఆ బుధవారం వంతు ఆమెది. క్లాసుకు కాస్త ముందు రామేశ్వరమ్మ అనే ముసలావిడ మనవణ్ణి చంకనేసుకొని వచ్చింది. కొడుకూ కోడలూ మిరపకోతకు గుంటూరు వైపు పోయారట. ఏడాది దాటిన పిల్లాడు, దగ్గు, ఆయాసం. చుట్టిన టవలు విప్పకుండానే స్టెతస్కోపు లోపలికి దూర్చి విని, "పెద్ద సారు ఇప్పుడే వస్తాడు, ఆయన కూడా చూస్తాడు, కూర్చో అవ్వా" అంది మహేశ్వరి.

క్లాసు మొదలైంది. తెర నిండా గళ్లు గళ్లుగా ముఖాలు.

"చొక్కా తీసి ఛాతీ చూపించండి" అన్నాడు వీరభద్ర.

రామేశ్వరమ్మ తెరను ఎగాదిగా చూసి, టవలు ఇంకా గట్టిగా చుట్టేసింది.

"వద్దు తల్లీ. అన్ని కండ్లు ఒక్క బిడ్డ మీదనా? ఆయాసపడే బిడ్డకు దిష్టి తగిల్తే బతుకుతాడా?"

"మమ్మల్నందర్నీ కళ్లకు గంతలు కట్టుకోమంటావా అవ్వా?" అన్నాడు ఒక గడిలోని కుర్ర డాక్టరు. గళ్లన్నీ నవ్వాయి. వీరభద్ర కూడా నవ్వాడు.

"నగండప్పా, నగండి. మీ బిడ్డనైతే ఇట్లనే సంతలో గొర్రెపిల్లను సూపిచ్చినట్ల సూపిస్తారా?" ముసలావిడ లేచి గుమ్మం వైపు నడిచింది.

మహేశ్వరికి ముందు ఆమె మీదే ఒళ్లు మండింది. అడ్డం పోయి నిలబడింది. "యాడికి పోతాండావు? బిడ్డను సంపుకుంటావా?"

"నీ బిడ్డ గౌను ఇంతమంది ముందర ఎత్తుతావా తల్లీ? ఎత్తుతానంటే చెప్పు, కూర్చుంటా."

వెనక తెరలో ఎవరో ఇంకా నవ్వుతూనే ఉన్నారు. మహేశ్వరి గిరుక్కున తిరిగి, స్టాండు మీది కెమెరాను గోడకు తిప్పేసింది. మంచం మీది దుప్పటి లాగి తెర మీద కప్పేసింది.

"మహేశ్వరిగారూ, ఏమీ కనబడటం లేదు" అంది దుప్పటి కింది నుంచి వీరభద్ర గొంతు. "రోగి కనబడకపోతే కేసు మీ వంతు లెక్కలోకి రాదు."

"రాకపోతే పోనీ సార్! నవ్వేటోళ్లను మైకులు మూసుకోమనండి. మీరు అడగండి, నేను చూసి చెప్తా."

మహేశ్వరి ముసలావిడ వైపు తిరిగింది. "అవ్వా, ఇప్పుడు ఈడ ఉండేది నేనూ జ్ఞానమణే" అంది. రామేశ్వరమ్మ దుప్పటి వైపు ఒకసారి అనుమానంగా చూసి, టవలు తానే విప్పింది.

"ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద ఏమవుతోంది?" వీరభద్ర గొంతులో ఇప్పుడు నవ్వు లేదు.

"లోపలికి గుంట పడతాంది సార్."

"ముక్కుపుటాలు?"

"ఎగిరెగిరి పడతాండాయి."

"ఏమైనా తాగాడా?"

"పొద్దున్నుంచి గుక్క నీళ్లు గూడా దిగల్యా నాయనా" అంది ముసలావిడ, దుప్పటికే జవాబు చెబుతూ.

"ఇంకా నన్నేం అడుగుతారు? ఆక్సిజన్ పెట్టి, యాంటీబయాటిక్ మొదటి సూది వేసి పెద్దాసుపత్రికి పంపండి."

ఆయన ఆ మాట పూర్తిచేసే లోపే జ్ఞానమణి సిలిండరు దొర్లించుకొచ్చింది. మహేశ్వరి సూదిమందు ఎక్కిస్తూ పళ్లు కొరుక్కుంది. ఈ గుంటల పాఠం ఈ క్లాసులోనే నేర్చింది. కూతురు దగ్గితే చాలు డొక్కలు చూసే తల్లి, ఈ బిడ్డ టవలు మాత్రం తెర చెప్పేదాకా విప్పలేదు. ఇంకొకర్నైతే ఎంత తిట్టేదో, తనను తాను అంతా తిట్టుకుంది.

అంబులెన్సు ఆదోని దారి పట్టింది. మహేశ్వరి కూడా ఎక్కింది. గొట్టంలోంచి గాలి అందేకొద్దీ పిల్లాడి పెదాలకు రంగు తిరిగింది. కాసేపటికి కళ్లు తెరిచి, అవ్వ ముక్కుపుడక పట్టుకోబోయాడు. అప్పుడే వీరభద్ర వీడియో కాల్.

"ఎలా ఉన్నాడు? క్లాసులో అందరూ అడుగుతున్నారు. ఒక్కసారి చూపించండి."

మహేశ్వరి ఫోను గుండెకు అదుముకుంది. "అవ్వా, చూపిచ్చేదా?"

"వద్దు."

"వద్దంటాంది సార్. గుంటలు తగ్గినాయి, కండ్లు తెరిచి చూస్తాండాడు. చూడకుండానే పాఠం చెప్పుకోండి. ఆ నవ్విన కుర్ర డాక్టరుకు ముందు చెప్పండి" అని టక్కున కాల్ కట్ చేసింది.