మూత బిగించిన చెయ్యి

పెదపాడు వరదానం ఎవరేం చెప్పినా "అలాగేనండీ" అనేవాడు. అర్థమైతే అలాగేనండీ, అర్థం కాకపోతే ఇంకాస్త గట్టిగా అలాగేనండీ. పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్ళని ఎదురు ప్రశ్న అడగడం అమర్యాదని ఆయన నమ్మకం. ఆ పాడు మర్యాదే ఆయన్ని పొట్టన పెట్టుకోబోయింది.

పడుచుతనమంతా చేపల ప్యాకింగు షెడ్డులో గడిపాడు. కొల్లేరు చేపని ఐసులో పేర్చి, మూత అదిమి, టేపు చుట్టడంలో చెయ్యి తిరిగినవాడు. వరదానం బిగించిన పెట్టెని కలకత్తాలో విప్పినా చేప కన్ను మెరుస్తుందనేవారు. చలి బయటికి పోకూడదు. ఆయన నేర్చిన విద్యంతా ఆ ఒక్క ముక్కే. నడుం పట్టేశాక ఏలూరులో చేపలూ రొయ్యలూ పరీక్ష చేసే ఒక ల్యాబులో సహాయకుడిగా చేరాడు.

ఆ ల్యాబుకి పెద్ద ప్రసన్న అనే అమ్మాయి. వయసుకి వరదానం కూతురు జెస్సీ ఈడుది. కొవ్వున్న చేపముక్కని ఊరికే నూరితే ముద్దవుతుంది గానీ పొడి కాదు. అందుకని ముక్కల్ని ఒక డబ్బాలో వేసి, మంచుకంటే ఎన్నో రెట్లు చల్లనైన ద్రవ నైట్రోజన్ పోసి గడ్డకట్టించి నూరుతారు. అప్పుడు అప్పడంలా విరుగుతుంది. ముఖానికి అడ్డు, చేతులకి మందపాటి గ్లౌజులు ఉండాలని, డబ్బా మూత ఊరికే ఆనించి వదిలెయ్యాలని, కిటికీలు తెరిచే ఉంచాలని ప్రసన్న మొదటిరోజే చెప్పింది. వరదానం అన్నిటికీ అలాగేనండీ అన్నాడు. ఎందుకో ఆవిడా చెప్పలేదు, ఈయనా అడగలేదు.

ఇన్నాళ్ళూ పాత డబ్బా మూత మర అరిగిపోయి, బిగిద్దామన్నా బిగిసేది కాదు. ఆ వారం కొత్తది వచ్చింది. ప్రసన్న పక్కగదిలో తూకం వేస్తోంది. ఇక్కడ చేపముక్కల మీద నైట్రోజన్ తెల్లగా పొగలు కక్కుతోంది. అంత చలీ వృథాగా పోతుంటే వరదానానికి ప్రాణం ఒప్పలేదు. మూత గట్టిగా బిగించి, దానిమీద షెడ్డులో చుట్టినట్టే టేపు చుట్టాడు. పొగ ఆగింది. తృప్తిగా అనిపించింది. లోపల ఏదో సుయ్యిమంటుంటే, ముఖం మీది అడ్డు పైకెత్తి చెవి ఆనించాడు.

గుమ్మంలోకి వచ్చిన ప్రసన్న, టేపు చుట్టిన డబ్బాని చూసింది. "బయటికి రండి!" అని అరిచి, చొక్కా పట్టుకుని వరండాలోకి ఈడ్చి తలుపు మూసింది. ఆయన నోట "అలాగే" అన్న మాట పూర్తికాకుండానే ఢామ్మని పేలింది. తలుపు అద్దం పగిలి కాళ్ళ దగ్గర పడింది.

కాసేపాగి ఇద్దరూ లోపలికి వెళ్ళి చూస్తే డబ్బా చీలికలై ఉంది. మూత పైకప్పు పలకలో దిగబడింది. దాని కింద, సరిగ్గా ఆ చోటే, ఇందాక ఆయన తల ఉంది. చెవి తడుముకుని చూసుకున్నాడు.

"ఎందుకండీ ఇలా అయింది?" అన్నాడు. అలా అడగడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"నీళ్ళలా కనిపిస్తుంది గానీ, కాస్త వెచ్చబడితే గాలైపోతుందండీ. చెంబుడు పోస్తే బోలెడంత గాలి. బిగిస్తే అదెటు పోతుంది?" అంది ప్రసన్న. "ముందే చెప్పాల్సిందండీ నేను."

"మరి కిటికీలు తెరవమన్నది ఎందుకండీ?"

"ఆ గాలి గదిలో మామూలు గాలిని తోసేస్తుందండీ. వాసనుండదు. ఊపిరి చాలట్లేదని తెలిసేలోపే మనిషి పడిపోతాడు."

వరదానం కిటికీల వంక చూశాడు. తను ముందే తినేసి, ఆవిడ భోజనానికి వెళ్ళినప్పుడల్లా మిగిలిన ముక్కలు తనే నూరుతాడు.

"నేను రోజూ మూసేస్తున్నానండీ, ఏసీ చలి పోతుందని," అన్నాడు. "కాసేపటికి కళ్ళు తిరిగేవి. అన్నం మత్తనుకున్నానండీ."

ప్రసన్న ఆ డబ్బా చీలికల మధ్యనే కూలబడిపోయింది.