కాస్టిక్ సోడా, వట్టికాళ్లు

గడప దగ్గర చెప్పులు విడవడమనే మహాఘట్టానికి మన చరిత్రకారులు ఒక్క అధ్యాయమైనా కేటాయించలేదు. ఆ లోటును కోకిల పాదాలు తీరుస్తున్నాయి.

పెళ్లి కాకముందు నుంచీ కోకిల వాషర్‌మెన్‌పేట్‌లో శ్రీకుమార్ లాండ్రీలోనే పనిచేస్తోంది. హోటళ్ల దుప్పట్లు, వంటవాళ్ల జిడ్డుగుడ్డలు అక్కడికే వస్తాయి. ఆ జిడ్డును వదిలించే మహానుభావుడు కాస్టిక్ సోడా. చూడ్డానికి తెల్లటి రేకులు. నీళ్లలో పడితే చాలు, పొయ్యి లేకుండానే తొట్టి కాగిపోతుంది. నూనెను సబ్బు చేసి వదిలిస్తుంది. మనిషి చర్మంలోని కొవ్వు కూడా దాని లెక్కలో నూనే. హోటలు నూనె, కోకిల నూనె అని పక్షపాతం చూపదు. తగిలినప్పుడు వట్టి జారుడుగా ఉంటుంది. మంట తెలిసేసరికి తోలు ఉండదు.

ఇంతటి పదార్థం చిందే నేల మీద అందరూ వట్టికాళ్లతో తిరగాలి. బాయిలర్ పైన శ్రీకుమార్ తాతగారు దేవుడి పటాలు పెట్టారు మరి. దేవుడున్నచోట చెప్పులేమిటి?

మొన్న తొట్టి పొర్లింది. కోకిల ఎడమ మడమ తోలు ఊడింది. కట్టుతోనే వచ్చి గడప బయట కూర్చుని, యజమాని శ్రీకుమార్‌ను పిలిచింది.

"అన్నా, బూట్లు కొనియ్యి."

"సామి ముందర బూట్లా? పాపం గదమ్మా!"

"సామి గోడ మీద ఉండాడు. నేల మీద ఉండేది నేను."

"మా తాత కాలం నుంచి ఎవురన్నా అడిగినారా?"

"వచ్చి అడిగేదానికి వాళ్లకి కాళ్లుండాల గదన్నా!"

కోకిల గడప దాటి లోపలికి రాలేదు. దుప్పట్లు గుట్ట పడ్డాయి, హోటళ్లవాళ్లు ఫోన్లు చేశారు. బూట్లు వచ్చాయి. పాపం మాట తేల్చడానికి కోకిలే పటాలు దించి, తుడిచి, యజమాని ఏసీ గదిలో పెట్టింది.

"సామికి ఉక్క తప్పుతుందిలే అన్నా."

దేవుడున్నచోట చెప్పులేమిటి? ఈసారి ఆ ధర్మం శ్రీకుమార్ అరికాళ్లకు వర్తించింది. చల్లటి గ్రానైట్ మీద వట్టికాళ్లతో కూర్చున్నాడు. తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. ఒక మడమ ఊడినా కదలని సంప్రదాయం రెండు తుమ్ములకు కదిలింది.

"తాత పెట్టిన చోటు మార్చకూడదంటమ్మా," అన్నాడు, ముక్కు తుడుచుకుంటూ.

దేవుళ్లు బాయిలర్ పైకి తిరిగి వెళ్లారు.

బూట్లు గడప బయట ఉన్నాయి.