మా వదిన సంగటి ఎందుకు కెలకలేదు

మా చుట్టాల్లో ఒక మాట పాతుకుపోయింది. మా వదినకు ఒళ్ళు వంగదని, రాత్రి పూట సంగటి కెలకడానికి బద్ధకించి ఇంటిల్లిపాదికీ గిన్నెల్లో నూకలబువ్వ పెట్టి సరిపుచ్చేదని. ఆ మాట అబద్ధమని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. చాలా ఏళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె పెట్టింది కడుపునిండా తిని, ఇంకాస్త పెట్టించుకుని, నోరు మూసుకున్నాను.

మాది సోమేనహళ్ళి. పొలం ఉన్నా వానను నమ్ముకోలేక నాయన బాగేపల్లిలో, బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఒక అంగడి పెట్టాడు. బెల్లం, పప్పులు, శెనక్కాయ నూనె, చింతపండు. డెబ్బైల మధ్యకొచ్చేసరికి అంగడి అన్న చేతికి వచ్చింది. చదువు అబ్బని నేను అన్న పక్కన తూకాలు వేసేవాణ్ణి.

ఊరు మారినా మా నోరు మారలేదు. రాత్రి తిండి అంటే రాగి సంగటే. వరిబువ్వ పండగలకూ, చుట్టాలొచ్చినప్పుడూ. సంగటి చేయడమంటే మాటలు కాదు. ఉడికే ఎసట్లో పిండి పోసి, కుండను దించి రెండు పాదాలతో అదిమిపట్టి, కట్టెను రెండు చేతులా పట్టుకుని ఉండ కట్టకుండా కెలకాలి. మణికట్టులో సత్తువ లేనివాళ్ళ వల్ల కాదు. కొత్త కోడలిలో మా వైపు అత్తలు మొదట చూసేది అదే. వదిన కెంచార్లహళ్ళి నుంచి మా ఇంటికొచ్చిన వారంలోనే అమ్మ ఆ కట్టె ఆమె చేతికిచ్చింది. "మా కోడలు కెలికితే సంగటి వెన్న మాదిరి ఉండాది" అని వీధిలో చెప్పుకుంది కూడా. ఆ మాట తర్వాత అమ్మకే గుర్తులేకుండా పోయింది. నాకు గుర్తుంది.

ఆ ఏడాది శెనక్కాయ పెరికే రోజుల్లో అమ్మ, నాయన సోమేనహళ్ళి పోయారు. అన్న సరుకులకని చింతామణి పోయాడు. ఊళ్ళోకి కొత్త సినిమా వచ్చింది. వదినకు సినిమా అంటే ప్రాణం. మా ఇంటికి వచ్చాక ఒక్కటీ చూడలేదు. మధ్యాహ్నం అంగడి మూసి నేనే ఉసిగొల్పాను.

"మీ అమ్మకు తెలిస్తే?" అంది.

"ఎవురు చెప్తారు? పొద్దు దిగేలోగా వచ్చేస్తాం. రా వదినా."

అంగడి సైకిలు మీద తీసుకుపోయాను. తిరిగొచ్చేటప్పుడు సినిమాలో హాస్యగాడు మాట్లాడినట్టు మాట్లాడుతూ మాటిమాటికీ వెనక్కి తిరుగుతున్నాను. "ముందర చూడప్పా" అని నవ్వుతూనే అంటోంది. హైదరాబాదు రోడ్డు మీద వెనక నుంచి లారీ హారన్ కొట్టేసరికి హడలిపోయి పక్కకు తిప్పాను. అక్కడ ఎవరో రోడ్డంచున శెనక్కాయలు ఆరబోశారు. ముందు చక్రం వాటి మీద జారింది. వదిన చెయ్యి కింద, ఆ పైన సైకిలు, సైకిలు మీద నేను. ఏదో ఎండు పుల్ల విరిగిన చప్పుడు నా చెవులకు వినపడింది.

ఆమె ఏడవలేదు. కుడిచేతిని కొంగులో చుట్టుకుని లేచి కూర్చుంది.

"బట్టలుతికే రాయి దగ్గర జారినానని చెప్తా. నువ్వేమీ మాట్లాడొద్దు."

నాకు అర్థమైంది. మరిది సైకిలు మీద వదిన సినిమాకు పోయిందంటే, సాయంకాలానికల్లా ఆ మాట ఊరి నోట్లో పడి ఇంకోలాగా అయిపోతుంది. ఆ పూటకు ఆమె చెప్పిందే సరి. తప్పు మరుసటి రోజు జరిగింది.

మరుసటి రోజు చింతామణి నుంచి తిరిగొచ్చిన అన్న, కట్లు కట్టే ముసలాయన్ని ఇంటికి పిలుచుకొచ్చాడు. "ఎట్ల పడితివమ్మా?" అని అడిగాడాయన. "రాయి దగ్గర జారి చెయ్యి ఊనుకుంటి" అంది వదిన. ఆయన అటూ ఇటూ ఒత్తి చూసి, "అంతేనా? అట్లయితే బెణుకే. వాపు తగ్గితే సరిపోతాది" అని నూనె రాసి, ఆకుపసరు పెట్టి గుడ్డ చుట్టి పోయాడు. నేను గడప దగ్గరే నిలబడి ఉన్నాను. ఆయన వెంట వీధి మలుపు దాకా పోయి, చేతి మీద సైకిలూ మనిషీ పడ్డారని చెవిలో చెప్పి ఉంటే చాలు. ఇంకోలా కట్టేవాడు, లేదా ఆస్పత్రికి పంపేవాడు. నేను అంగడికి పోయాను.

వాపు తగ్గింది. చెయ్యి చూడ్డానికి బాగానే ఉంది. కూరగాయలు కోసేది, ఊడ్చేది, బిందె ఎడమ చంకనెత్తుకునేది. సంగటి కెలకబోతే మాత్రం రెండు తిప్పులు తిప్పేసరికి కట్టె జారిపోయేది. ఒకసారి కుండే ఒరిగిపోయింది. అమ్మ కొన్నాళ్ళు తానే కెలికింది. ఆ వయసులో ఆమె భుజాలు ఓపలేదు. "రాయి కాడ జారితే ఇన్ని నెలలు నొప్పా? నేను బావి మెట్ల మీద పడి మర్నాడు కలుపు తీసినా" అనడం మొదలుపెట్టింది. ఆమె కోణంలో అది న్యాయమే. మేం చెప్పిన దెబ్బ చిన్నది. వదిన నొప్పి దాని కొలతకు ఇమడలేదు.

అప్పుడు మొదలైంది గిన్నెలబువ్వ.

చింతామణిలో బియ్యం మిల్లు దగ్గర నూకలు చవగ్గా దొరికేవి. చాలామంది కోళ్ళకో, దోసెపిండికో కొనేవాళ్ళు. వదిన పుట్టింటికి పోయి వస్తూ ఒక గోనెసంచి నూకలు బస్సులో వేసుకొచ్చింది. ఆ రాత్రి శెనగనూనెలో ఆవాలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ వేయించి, రెండు టమాటాలు మగ్గబెట్టి, నీళ్ళు పోసి, కడిగిన నూకలు వేసి మూత పెట్టింది. పొయ్యిలో రెండు పుల్లలు కాలేలోపు అయిపోయింది. పైన వేయించి దంచిన శెనక్కాయ పొడి చల్లి, కంచాల్లో కాకుండా ఒక్కొక్కరికి ఒక్కో గిన్నెలో పెట్టి ఇచ్చింది. పక్కన పప్పు లేదు, కూర లేదు, అన్నీ అందులోనే.

"ఇదేంది, రోగిష్టోళ్ళకు పెట్టే మాదిరి?" అంది అమ్మ.

నాయన రెండు ముద్దలు తిని, "ఏమే, ఈ రోగం నాకు రోజూ రానీ" అన్నాడు.

తర్వాత రోజుకొక రకం. ఒకరోజు పెసరపప్పు కలిపి పులగం, పక్కన ఊరిబిండి పచ్చడి. ఒకరోజు మధ్యాహ్నం మిగిలిన అన్నంలో నిమ్మకాయ పిండి చిత్రాన్నం. చలి మొదలై అనపకాయలు వస్తే, ఒలిచిన గింజలతో కొత్తిమీర నూరిపోసి చేసేది. ఆ వాసన వీధిలోకి వచ్చేది. ఉర్లగడ్డ, వంకాయ, మునగాకు, ఏది చవగ్గా దొరికితే అది. కొనడానికేమీ లేని రోజు ఎర్రగడ్డ, ఎర్రకారంతోనే కానిచ్చేది. అది నాకు అన్నిటికన్నా ఇష్టం. నూక అన్నం గింజ అన్నంలా పొడిపొడిగా ఉండదు. కొంచెం జారుగా, కారాన్నీ నూనెనూ తనలోకి పీల్చుకుని ఉంటుంది. ఆ రుచి వేరు.

గిన్నె వల్ల ఇంకొకటి జరిగింది. సంగటి వేడిమీద, కూర్చుని, పప్పులో అద్దుకుని తినాలి. అందుకని నేనూ అన్నా ఒకరి తర్వాత ఒకరం ఇంటికి పరిగెత్తేవాళ్ళం. సాయంకాలం బస్సులొచ్చే వేళకే అంగట్లో బేరాలు ఎక్కువ. గిన్నె అయితే అంగటికే వచ్చేది. వదిన పైన ఆకు మూసి, గిన్నెలు బుట్టలో పెట్టి పంపేది. నాయన తన గిన్నె తీసుకుని అంగడి మెట్టు మీదకొచ్చి కూర్చునేవాడు. ముగ్గురం కలిసి తినడం అప్పుడే మొదలైంది. అంతకుముందు నాయన మాతో అంత మాట్లాడేవాడు కాదు. "సంగటి రెండో ముద్ద అడగాలంటే సిగ్గు. గిన్నెలో ఎంత పట్టిందో ఎవురు చూస్తారు?" అనేవాడు. నాయనతో నాకున్న మంచి జ్ఞాపకాలన్నీ ఆ మెట్టు మీదివే. వాటికి నేను రుణపడింది వదినకు.

వానలు లేని ఏడాది రాగులు దొరకడం కష్టమైంది. సంగటి తినే ఇళ్ళలో రాత్రిళ్ళు అంబలి అయింది. మా ఇంట్లో ఆ నూకలతోనే, ఇంత చింతచిగురుతోనో బెండకాయలతోనో, ఎవరూ ఆకలితో పడుకోలేదు. అంగడి ముందు చెప్పులు కుట్టే ఆయనకు కూడా ఒక గిన్నె పోయేది. ఆ ఏడాది అమ్మ కూడా మాట్లాడకుండా తింది.

వానలు వచ్చాక మాటలూ వచ్చాయి. వీధిలో "గిన్నెల కోడలు" అని పేరు పెట్టారు. ఒక పెళ్ళిలో మా మేనత్త అందరి ముందరా, "మీ ఇంట్లో సంగటి కట్టెకు పెండ్లి చేసి అత్తగారింటికి పంపినారంటనే" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వదిన వడ్డిస్తోంది. నా ఆకులో అన్నం వేస్తూ నా ముఖం వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఎందుకు చెప్పలేదు? మొదట ఊరికి భయపడ్డాను. తర్వాత అన్నకు భయపడ్డాను. అన్న నన్ను నమ్మి అంగడి వదిలి పోయేవాడు. తర్వాత నాకు పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. పెళ్ళయ్యాక భయపడాల్సిందేమీ మిగల్లేదు. అప్పటికి చెప్పకపోవడమే అలవాటైపోయింది.

నా భార్య చేతుల్లో బలముంది. ఆమె వచ్చాక ఇంట్లో మళ్ళీ సంగటి మొదలైంది. అమ్మ ప్రతి రాత్రీ ముద్ద విరుస్తూ, "చూడు, ఇదీ కోడలంటే" అనేది. పెద్దకోడలికి వినపడేలా అనేది. నా భార్యకు ఏమీ తెలియదు కాబట్టి మురిసిపోయేది. కొన్నాళ్ళకు అన్న, వదిన చిక్కబళ్ళాపురంలో వేరే అంగడి పెట్టుకుని వెళ్ళిపోయారు. వ్యాపారం కోసమని అందరికీ చెప్పాం. బస్సెక్కేటప్పుడు వదిన, "పొద్దున మిగిలిన అన్నం పారేయొద్దప్పా, నిమ్మకాయ పిండుకోండి" అని మాత్రం అంది.

ఎనభైల చివర్లో అమ్మకు కంట్లో పొర వచ్చింది. చిక్కబళ్ళాపురంలో ఆపరేషన్ అయింది. అప్పటికి నాయన లేడు. రెండు కళ్ళకూ కట్టిన కట్టు విప్పేదాకా అమ్మను అన్నావాళ్ళ ఇంట్లోనే ఉంచాం. చూడ్డానికి పోయిన రోజు పొద్దు వాలే వేళకు వదిన అందరికీ గిన్నెల్లో అనపగింజల నూకలబువ్వ పెట్టింది. అమ్మకు తానే తినిపిస్తోంది, ఎడమ చేత్తో. అమ్మ నమిలి మింగి, పక్కనున్న మనవరాలితో అంది:

"నువ్వు సంగటి నేర్చుకొని పో తల్లీ. మీ అమ్మ మాదిరి గిన్నెలెత్తుకొని పోతే అత్తగారింట్లో మమ్మల్ని తిడ్తారు."

కోపంగా అనలేదు. అలవాటుగా అంది. వదిన నవ్వేసి ఇంకో ముద్ద కలిపింది. ఆ పిల్లకు పదేళ్ళుంటాయేమో. గిన్నెలోంచి తలెత్తకుండానే, "అమ్మ చెయ్యి తిరగదు కదా జేజీ. చలికాలం నాకు జడ కూడా నాయనే వేస్తాడు" అంది.

అన్న తల వంచుకున్నాడు. నేను గిన్నె కింద పెట్టి అమ్మ దగ్గరికి జరిగాను. సినిమా, సైకిలు, ఆరబోసిన కాయలు, కట్టు కట్టిన ముసలాయన, గడప దగ్గర నేను, అన్నీ చెప్పాను. అన్నకు కూడా అంతా తెలియదు. "నొప్పి నిజమని తెలుసు. ఇది తెలీదు" అన్నాడు మెల్లగా.

అమ్మ కట్టు కట్టిన ముఖాన్ని వదిన వైపు తిప్పి, "నువ్వన్నా చెప్పొచ్చు గదమ్మా" అంది.

"రాయి కాడ పడినానని నేనే చెప్పింటి. మళ్ళీ ఇంకో మాట చెప్తే ఏది నమ్ముతావు అత్తా?"

అమ్మ గాలిలో చెయ్యి చాపి తడుముకుంది. వదిన తన చెయ్యి అందించింది. అమ్మ వేళ్ళు మణికట్టు చుట్టూ తిరిగి, బయటికి పొడుచుకొచ్చిన ఎముక దగ్గర ఆగాయి. "ఇక్కడనా?" అంది. వదిన ఊ అంది. అమ్మ అక్కడే రుద్దుతూ కూర్చుంది, అప్పుడే తగిలిన దెబ్బలాగా.

"ఇప్పుడేంటికప్పా అవన్నీ? అన్నం చల్లారిపోతాంది, తిను" అంది వదిన నాతో.

నేను తినలేదు. ఆమె ముందు కూర్చుని, ఎన్నేళ్ళుగానో నోట్లో ఉన్న మాట చెప్పాను.

"వదినా, ఆ పొద్దు పడింది ఇద్దరం. దాన్నొదిలేయి. పడినాక, నిన్ను సోమరి అంటాంటే పక్కనే కూర్చొని నువ్వు పెట్టింది తిన్న్యా. ఒక్కరోజు కాదు, నువ్వు ఇల్లిడిచి పొయ్యేదాకా తిన్న్యా. అది నా తప్పు. నన్ను మన్నించు."